అండమానుకి మొదటి ప్రయాణం: పర్లాకిమిడి చెల్లికి జవాబు

ప్రశ్న: అక్కా, మాది పర్లాకిమిడి. మా వారికి బట్టల కొట్టు ఉంది, నేను స్కూల్లో టీచర్ని. పాప మూడో తరగతి. పెళ్ళయ్యాక పూరీ, తిరుపతి తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు. ఈసారి దసరా పూజ సెలవులకి అండమాను వెళ్దామనుకుంటున్నాం. ఇక్కడి ఏజెంటు ఐదు రాత్రులు, ఆరు పగళ్ళ ప్యాకేజీ రాసిచ్చాడు. పోర్ట్‌బ్లెయిర్, రాస్, నార్త్ బే, బారాటాంగ్, హేవ్‌లాక్, నీల్ అన్నీ అందులో ఉన్నాయి. మా వారేమో విశాఖ నుంచి ఓడలో వెళ్తే చవక అంటున్నారు. అత్తగారికి 66 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, బీపీ. ఆవిడది కవిటి దగ్గర పల్లెటూరు. ఆవిడ పిన్ని కూతురు పెళ్ళయ్యాక అండమాను వెళ్ళిపోయి జంగ్లీఘాట్‌లో ఉంటున్నారు. ఆవిణ్ణి ఒకసారి చూడాలని, సెల్యులార్ జైలు చూడాలని అత్తగారి కోరిక. మా వారికి స్కూబా చెయ్యాలని ఉంది. మాలో ఎవరికీ ఈత రాదు. విమానం కూడా ఎక్కలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: తప్పకుండా వెళ్ళండి. అత్తగారిని కూడా తీసుకెళ్ళండి. కానీ పూజ సెలవుల్లో వద్దు, ఓడలో వద్దు, ఏజెంటు రాసిచ్చిన కాగితం ప్రకారం అసలే వద్దు. ఎందుకో ఒక్కొక్కటే చెప్తాను.

అక్టోబరు అంటే ఏమిటో మన జిల్లాల వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న. ఆ మరుసటి ఏడు సరిగ్గా అదే తారీఖున హుద్‌హుద్ విశాఖని ఊడ్చేసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మీ గజపతి జిల్లాని ఎంత ఏడిపించిందో మీరే చూశారు. ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఎలా పడిపోయాయో మీ అత్తగారు చూసే ఉంటారు. మన మీదికొచ్చే గాలివానలు చాలావాటికి పుట్టిల్లు ఆ అండమాను సముద్రమే. హుద్‌హుద్ అయితే అక్టోబరు 8న ఆ దీవుల మీదుగా నడిచే విశాఖకి వచ్చింది. మనం ఇక్కడ రేడియోలో వాయుగుండం అని వినేసరికి అక్కడ బోట్లు ఆగిపోయి ఉంటాయి. పైగా పూజ సెలవులకి కలకత్తా జనం అండమానుకి కదులుతారు. టికెట్లు, గదులు అన్నిటి ధరా పెరుగుతుంది. ఎక్కువ డబ్బు పెట్టి వాన చూసి రావడం మీకెందుకు?

అక్కడ వానలు మే నెలలో మొదలవుతాయి. నైరుతి రుతుపవనం మనకన్నా ముందు వాళ్ళనే తడుపుతుంది. అది వెళ్ళాక ఈశాన్య రుతుపవనం, తుపానులు కలిసి డిసెంబరు దాకా నమ్మకం ఉండదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆకాశం తేటగా, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. పాపకి వార్షిక పరీక్షలు అయిపోయి కొత్త తరగతి మొదలయ్యే లోపు మార్చి చివర ఒక వారం దొరుకుతుంది చూడండి, ఆ వారం పట్టుకోండి. కొంచెం ఎండగా ఉంటుంది, అంతే. పర్లాకిమిడి ఎండ తిన్నవాళ్ళకి అదొక లెక్క కాదు. నీళ్ళు మాత్రం అద్దంలా ఉంటాయి. బడి పోతుందన్న దిగులూ ఉండదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మాకు జరిగింది. మేము మొదటిసారి వెళ్ళింది ఒక నవంబరు చివర. నీల్ ద్వీపంలో ఆఖరి రాత్రి ఉండి, పొద్దున్న బోటులో పోర్ట్‌బ్లెయిర్ చేరి, మధ్యాహ్నం విమానం ఎక్కాలని ప్లాను. తెల్లవారుజామున సంచులు మోసుకుంటూ జెట్టీకి వెళ్ళాం. గేటు దగ్గర జనం మూగి ఉన్నారు. గోడకి ఒక తెల్ల కాగితం అంటించి ఉంది, దాని మూలలు గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి. సముద్రం బాగాలేదు, ఈ రోజు బోట్లు లేవు అని రెండు లైన్లు. అప్పటికి మా ముందున్న నీళ్ళు ప్రశాంతంగానే ఉన్నాయి, ఆకాశంలో ఒక పక్క ఎండ కూడా ఉంది. అందుకే మాకు నమ్మబుద్ధి కాలేదు. పక్కన కూరగాయల బుట్టలతో కూర్చున్న బెంగాలీ పెద్దాయన మాత్రం ఆ కాగితం చదవను కూడా చదవలేదు. జెట్టీ బయటి నీటి రంగు చూసి బుట్టలు ఎత్తుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. మేము అక్కడే రెండు రోజులు ఉండిపోయాం. విమానం టికెట్ల డబ్బు మొత్తం పోయింది. నాలుగు కుటుంబాల పిల్లలకి పాలు, మందులు వెతుక్కోవడం ఒక పని అయింది. మాది చిన్న సంగతే. 2016 డిసెంబరులో వార్దా తుపాను తయారవుతున్నప్పుడు హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా యాత్రికులు చిక్కుకుపోతే నౌకాదళం వెళ్ళి తీసుకురావాల్సి వచ్చింది.

అందుకని మీరు ఎప్పుడు వెళ్ళినా, ఎవరితో వెళ్ళినా, ఆఖరి రాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లోనే పడుకోండి. చిన్న దీవి నుంచి అదే రోజు వచ్చి విమానం ఎక్కే ప్లాను ఎవరు వేసినా ఒప్పుకోకండి. ఈ ఒక్కటి పాటిస్తే మిగతాది ఎలాగైనా సర్దుకోవచ్చు.

ఇప్పుడు ఓడ సంగతి. మీ వారు చెప్పింది నిజమే, విశాఖ నుంచి సర్కారు ఓడ ఉంది, బంక్ క్లాసులో వెళ్తే చవక. కానీ అది సుమారు నెలకి ఒకసారి. ప్రయాణం 56 గంటల పైమాట. తారీఖు చాలా ముందుగా తెలియదు, తెలిసినా మారుతుంది. మీకున్నది వారం. వెళ్ళడానికే రెండున్నర రోజులు పోతే, తిరిగి రావడానికి విశాఖ ఓడ మీ కోసం అక్కడ ఆగి ఉండదు. చెన్నై ఓడకో కలకత్తా ఓడకో ఎదురు చూడాలి. బంకులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషికి ఎక్కడం దిగడం నరకం. మూడో పూటకి సముద్రం పడకపోతే దిగిపోదామన్నా దారి లేదు. పాప పెద్దదై, మీ వారికి కొట్టు చూసుకునే మనిషి దొరికి, మూడు వారాలు తీరిక చిక్కినప్పుడు మీరిద్దరూ ఓడలో వెళ్ళండి. రాత్రి డెక్ మీద చుట్టూ ఒక్క దీపం లేకుండా నక్షత్రాలు చూడటం జన్మకొక అనుభవం. ఈసారికి విమానమే.

విమానం అంటే భయపడకండి. పాతపట్నం, నరసన్నపేట మీదుగా విశాఖ మీకు నాలుగు గంటల దారి. అక్కడి నుంచి చెన్నై మీదుగానో కలకత్తా మీదుగానో వెళ్ళొచ్చు. రెండు ఊళ్ళ నుంచీ అండమాను దాదాపు 1,300 కిలోమీటర్లు, రెండు గంటల పైచిలుకు ప్రయాణం. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్ దాకా మొత్తం ఒకే టికెట్టు మీద, ఒకే పీఎన్ఆర్ మీద తీసుకోండి. రెండు వేరు వేరు టికెట్లు కొని, మొదటి విమానం ఆలస్యమై రెండోది వెళ్ళిపోతే ఆ నష్టం మీదే. ఒకే టికెట్టు అయితే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత వాళ్ళది. టికెట్టు తీసుకునేటప్పుడే అత్తగారికి చక్రాల కుర్చీ కావాలని రాయించండి. దానికి డబ్బు అడగరు. ఆవిడ మొహమాటపడతారు, నాకేమైంది నడుస్తాను అంటారు. ఒప్పించండి. ఎయిర్‌పోర్టులో నడక చాలా ఎక్కువ, క్యూల్లో నిలబడటం ఇంకా ఎక్కువ. పాపకి విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు నోట్లో చాక్లెట్టు పెట్టండి, చెవులు దిబ్బడ పడవు. అత్తగారి బీపీ మాత్రలు చేతి సంచిలో ఉండాలి, కింద వేసే పెట్టెలో వద్దు. ఆవకాయ సీసా మాత్రం పెట్టెలోకి పోవాలి, చేతి సంచిలో ఉంటే తనిఖీలో ఆపుతారు. అందరి ఆధార్ అసలు కార్డులు, పాపది కూడా, రెండేసి జిరాక్సులు పెట్టుకోండి. అండమానుకి మనకి వేరే పర్మిట్ అక్కర్లేదు. నికోబార్‌కి కావాలి, మీరు అక్కడికి వెళ్ళడం లేదు.

పేర్ల గురించి ఒక చిన్న సంగతి. పోర్ట్‌బ్లెయిర్‌కి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అంతకుముందే, 2018 డిసెంబరులో, హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, రాస్‌కి నేతాజీ సుభాష్ చంద్రబోస్ పేరు పెట్టారు. టికెట్టు మీద ఒక పేరు, హోటలు రసీదు మీద ఇంకో పేరు ఉంటే కంగారు పడకండి. మనుషుల నోట్లో ఇంకా పాత పేర్లే నడుస్తున్నాయి, నేనూ అవే వాడుతున్నాను.

ఏజెంటు కాగితం దగ్గరికి వద్దాం. ఆరు రోజుల్లో ఆరు చోట్లు. రాకపోకల రోజులు తీసేస్తే మిగిలేది నాలుగు. అందులో బారాటాంగ్ ఒక్కటే ఒక రోజంతా మింగేస్తుంది. దానికి తెల్లవారుజామున మూడింటికో, నాలుగింటికో లేచి బయల్దేరాలి. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వరసలో నిలబడాలి. బళ్ళన్నీ ఒక గుంపుగా జారవా అనే ఆదివాసుల అడవిలోంచి వెళ్తాయి. తర్వాత పడవ, తర్వాత సున్నపురాయి గుహల దాకా కిలోమీటరుకు పైగా నడక. అత్తగారి మోకాళ్ళకి అది కుదరదు.

కుదిరినా నేను వెళ్ళమనను. ఆ దారి జారవాల ఇంటి మధ్యలోంచి పోయే దారి. వాళ్ళని ఫోటో తీయడం, ఆగి పలకరించడం, తినడానికి ఏదైనా విసరడం చట్టప్రకారం నేరం. అయినా ఆ బస్సుల్లో చాలామంది కిటికీలకి మొహాలు ఆనించుకుని కూర్చునేది గుహల కోసం కాదు. మన చాటికోణ బుధవారం సంతకి కొండ దిగి వచ్చే డొంగ్రియా ఆదివాసీ ఆడవాళ్ళ మొహాల మీదికి కెమెరాలు తోసేవాళ్ళని నేను కళ్ళారా చూశాను. ఒకావిడ తట్ట పక్కన పెట్టి చీర కొంగుతో మొహం కప్పుకుంది, వాడు వంగి కింది నుంచి తీశాడు. మీ జిల్లాలో సవర ఊళ్ళకీ ఇలాంటివాళ్ళు వస్తూనే ఉంటారు. అలా చూడబడేవాళ్ళ పక్కన బతికే మనం ఇంకో అడవికి పోయి అదే పని చేయడం నాకు మనస్కరించదు. పాపకి జారవాల గురించి చెప్పండి, వాళ్ళు మనకన్నా ఎన్నో వేల ఏళ్ళ ముందు నుంచి అక్కడున్నారని చెప్పండి. చూపించక్కర్లేదు.

నార్త్ బే కూడా తీసేయండి. అక్కడ నీటి ఆటలే ముఖ్యం, అవి హేవ్‌లాక్‌లో ఇంకా బాగుంటాయి. దాని బదులు పాపకి ఒక పని అప్పగించండి. పాత ఎర్ర 20 రూపాయల నోటు ఒకటి కొట్టు గల్లాపెట్టెలో వెతికి పెట్టుకోమనండి. దాని వెనక కొబ్బరి చెట్లు, సముద్రం, ఒక లైట్‌హౌసు ఉన్న బొమ్మ ఉంటుంది. ఆ లైట్‌హౌసు నార్త్ బేదే. రాస్ ద్వీపానికి వెళ్ళే పడవలోంచి కనిపిస్తుంది. నోటు పైకెత్తి పట్టుకుని పోల్చుకోమనండి.

ఇంకొక్క రోజు కలిపి ఏడు పగళ్ళు, ఆరు రాత్రులు చేసుకోండి. మొదటి రాత్రి పోర్ట్‌బ్లెయిర్. తర్వాత హేవ్‌లాక్‌లో రెండు, నీల్‌లో రెండు, ఆఖరిది మళ్ళీ పోర్ట్‌బ్లెయిర్. దిగిన రోజున సాయంత్రం జంగ్లీఘాట్ తప్ప ఇంకేమీ పెట్టుకోకండి, భోంచేసి నిద్రపోండి. అన్నిటికీ సరిపడా తీరిక ఉండాలంటే ఇంతకన్నా ఎక్కువ చోట్లు పెట్టకూడదు. ఏజెంటు ద్వారానే వెళ్ళాలనుకుంటే ఈ వరస కాగితం మీద రాయించి, బోటు పేరు, టైము, హోటలు పేరు, అది బీచికి ఎంత దూరమో కూడా రాయించండి. "బీచి దగ్గర్లో" అన్న మాటకి నాలుగు కిలోమీటర్లు అని అర్థమని మాకు అక్కడికి వెళ్ళాకే తెలిసింది. బోటు రద్దయితే ఎవరు ఎంత తిరిగిస్తారో కూడా ముందే అడగండి. బోటు వాళ్ళు టికెట్టు డబ్బు ఇస్తారు, అవతలి దీవిలో హోటలు వాళ్ళు సాధారణంగా ఇవ్వరు.

అక్కడ పొద్దు ముందే వాలుతుంది. దీవులు మనకి చాలా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. మార్చిలో ఐదుంపావుకే తెల్లారిపోతుంది, సాయంత్రం ఐదున్నరకల్లా సూర్యుడు మునుగుతాడు. ఇక్కడిలా పది గంటలకి టిఫిన్ తిని బయల్దేరితే సగం రోజు అయిపోతుంది. హేవ్‌లాక్‌లోని రాధానగర్ బీచిలో అస్తమయం చూడాలంటే నాలుగింటికే అక్కడుండాలి. టైమ్ పత్రిక 2004లో ఆసియాలో అత్యుత్తమ బీచి అని మెచ్చుకున్నది దాన్నే. పొద్దున్నే లేచే అలవాటు మీ అత్తగారికి ఎలాగూ ఉంటుంది, ఆవిడ వెంట మీరూ లేవండి.

బోట్ల గురించి. పోర్ట్‌బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కి మక్రూజ్, గ్రీన్ ఓషన్, నాటికా లాంటి ప్రైవేటు బోట్లలో గంటన్నర నుంచి రెండు గంటలు, మనిషికి వెయ్యి పైనే అవుతుంది. సర్కారు బోటు చాలా చవక, రెండున్నర గంటల దాకా పడుతుంది, కానీ టికెట్లు తొందరగా అయిపోతాయి, స్థానికులకి అవి బస్సుల్లాంటివి. వాళ్ళ అవసరం ముందు. ప్రైవేటుదే ముందుగా బుక్ చేసుకోండి. పెద్దావిడ ఉన్నారు కాబట్టి కింది అంతస్తులో, మధ్య సీట్లు అడగండి, అక్కడ ఊపు తక్కువ. బోటు ఎక్కే అరగంట ముందు వాంతులు ఆపే మాత్ర వేసుకోవచ్చు, కానీ అత్తగారికీ పాపకీ ఏది, ఎంత అన్నది బయల్దేరే ముందే మీ డాక్టరుని అడిగి రాయించుకోండి. బీపీ మందులతో కలిపి వేసుకునే విషయం కదా. ఖాళీ కడుపుతో ఎక్కకండి, పూరీలు తిని కూడా ఎక్కకండి. రెండు ఇడ్లీలు చాలు. సంచిలో మరమరాలు, ఒక నిమ్మకాయ పెట్టుకోండి. బోటులో ఫోను చూస్తూ కూర్చోవద్దు, దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత మీద చూపు పెట్టాలి. కడుపు తిప్పడం చాలావరకు ఆగుతుంది.

ఈత రాకపోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదు, నాకూ రాదు. మోకాళ్ళ లోతు దాటకుండా కూడా ఆ సముద్రాన్ని బాగా చూడొచ్చు. నీల్‌లో రెండు రాత్రులు పెట్టమన్నది అందుకే. అది చిన్న దీవి, నేల దాదాపు చదును, ఆటో ఎక్కితే ఏ బీచికైనా పది పదిహేను నిమిషాలు. దేశ విభజన తర్వాత వచ్చిన బెంగాలీ కుటుంబాలు అక్కడ కూరగాయలు పండిస్తాయి. దారంతా బెండ, వంకాయ మళ్ళు, అరటి తోటలు. మీ అత్తగారికి కొత్త చోటులా కూడా అనిపించదు. భరత్‌పూర్ బీచిలో నీళ్ళు చాలా దూరం లోతు లేకుండా ఉంటాయి. అడుగున అద్దం ఉన్న పడవలో కూర్చోబెడితే ఆవిడ కాలు తడవకుండానే పగడాలు చూడొచ్చు.

నీల్‌లో మా ఆఖరి రోజు ఇప్పటికీ నాకు కళ్ళకి కట్టినట్టుంది. బోట్లు ఆగిపోయి ఏమీ తోచక మా అబ్బాయిని తీసుకుని ఒడ్డుకి వెళ్ళాను. ఆటు మొదలైంది. నీళ్ళు మెల్లగా వెనక్కి పోతూ, రాళ్ళ మధ్య చిన్న చిన్న గుంటలు వదిలి వెళ్తున్నాయి. ఒక గుంటలో చిటికెన వేలంత నీలం చేప ఒకటి ఇరుక్కుపోయి గిరగిరా తిరుగుతోంది. పక్కన ఒక గవ్వ కదిలింది. వాడు తీయబోతే లోపల్నుంచి సన్నటి ఎర్ర కాళ్ళు బయటికొచ్చాయి. పీత. ఖాళీ గవ్వలో కాపురం పెట్టే పీత. వాడు చెయ్యి వెనక్కి లాక్కుని గంటన్నర సేపు అలా కూర్చునే ఉన్నాడు. అది ఆ గవ్వ వదిలి కొంచెం పెద్ద గవ్వలోకి మారింది. అంత వేగంగా మారుతుందని నేను అనుకోలేదు, రెప్ప వేస్తే కనపడకుండా పోయేది.

ఇది చూడాలంటే ఆటు సమయం తెలియాలి. దానికి మీ ఇంట్లో గోడకున్న పంచాంగం క్యాలెండరు చాలు. అమావాస్యకీ పౌర్ణమికీ అటూ ఇటూ రెండు మూడు రోజులు నీళ్ళు బాగా వెనక్కి పోతాయి, అంతే ఎత్తున పోటు వస్తుంది. అష్టమి ప్రాంతాల్లో తేడా తక్కువ. రోజుకి రెండు సార్లు ఆటు, రెండు సార్లు పోటు. ఈ రోజు వచ్చిన టైముకన్నా రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. హోటల్లో మొదటి రోజు అడిగి తెలుసుకుంటే తర్వాత మీరే లెక్క వేసుకోవచ్చు. ప్రయాణం తారీఖులు పెట్టుకునేటప్పుడు నీల్‌లో ఉండే రోజులు పౌర్ణమికో అమావాస్యకో దగ్గర పడేలా చూసుకోండి. నీల్ ఒడ్డున సహజంగా ఏర్పడిన రాతి వంతెన దాకా వెళ్ళాలన్నా ఆటులోనే కుదురుతుంది. రాళ్ళు పాచి పట్టి జారుతాయి, అక్కడికి అత్తగారిని తీసుకెళ్ళొద్దు. పోటు మొదలవగానే వెనక్కి వచ్చేయండి. అందరూ రబ్బరు చెప్పులు వేసుకోవాలి, పగడం కోసిందంటే పుండు తొందరగా మానదు. పగడం రాయి కాదు, ప్రాణమున్నది. దాని మీద కాలు పెట్టొద్దని పాపకి ముందే చెప్పండి. గవ్వలు, పగడం ముక్కలు ఏరి సంచిలో వేసుకోకూడదు. అవి తీసుకెళ్ళడం నేరం, ఎయిర్‌పోర్టులో సంచులు వెతుకుతారు. ఆ గవ్వ ఇంకో పీతకి ఇల్లు అని చెప్తే మూడో తరగతి పిల్లకి ఇట్టే అర్థమవుతుంది.

అక్కడ ఉప్పునీటి మొసళ్ళు ఉన్నాయి. భయపెట్టడానికి చెప్పడం లేదు. బోర్డు ఉన్నచోట, మడ అడవుల పక్కన, వాగు సముద్రంలో కలిసేచోట నీళ్ళలో దిగకండి. లైఫ్‌గార్డు ఉన్న బీచిలో, పగటి పూట, నలుగురు దిగినచోటే దిగండి. చీకటి పడ్డాక వద్దు. సాయంత్రం ఇసుకలో కూర్చుంటే కంటికి కనపడని ఇసుక ఈగలు కుడతాయి, వారం రోజులు దురద పోదు. కొబ్బరి నూనె దట్టంగా రాసుకుంటే మాకు కొంచెం నయమనిపించింది.

స్కూబా మీ వారు నిరభ్యంతరంగా చేయొచ్చు. ఈత రాకపోయినా ఒక ఇన్‌స్ట్రక్టరు చివరిదాకా పట్టుకునే ఉంటాడు. ముందు లోతులేని నీళ్ళలో నోటితో గాలి పీల్చడం, చెవుల ఒత్తిడి సరిచేసుకోవడం నేర్పుతారు. ఆరోగ్యం గురించి ఒక ఫారం ఇస్తారు. అందులో నిజం రాయమనండి. ఆస్తమా, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ లాంటివి ఏవైనా ఉంటే దాచకూడదు. జలుబు చేసి ఉంటే ఆ రోజుకి మానేయాలి, చెవి పాడవుతుంది. స్కూబా చేసిన తర్వాత కనీసం 18 గంటలు, వీలైతే పూర్తి ఒక రోజు, విమానం ఎక్కకూడదు. నేను చెప్పిన వరసలో అది హేవ్‌లాక్‌లో రెండో రోజు పడుతుంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. నీళ్ళ కింద భయం వేస్తే బొటనవేలు పైకి చూపించాలి. అక్కడ ఆ సైగకి అర్థం "బాగుంది" అని కాదు, "పైకి తీసుకెళ్ళు" అని. ఇది ఒడ్డునే నాలుగు సార్లు సాధన చేయించండి.

చేతిలో డబ్బు ఉంచుకోండి. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబులు 2020 ఆగస్టులో మొదలయ్యాక ఇంటర్నెట్ బాగుపడింది కానీ, చిన్న దీవుల్లో సిగ్నల్ ఎప్పుడు పోతుందో తెలియదు. ఫోన్‌పే నమ్ముకుని కొబ్బరి బొండం తాగి తర్వాత ఇబ్బంది పడొద్దు. ఏటీఎంలు ఒకటో రెండో ఉంటాయి, వాటిలో డబ్బు లేని రోజులుంటాయి. పోర్ట్‌బ్లెయిర్‌లోనే తీసుకుని వెళ్ళండి. టికెట్లన్నీ ప్రింటు తీయించండి.

ఇక జైలు. అది నీల్ నుంచి తిరిగొచ్చిన రోజు మధ్యాహ్నానికి ఉంచుకోండి, సెలవు రోజు కాకుండా ముందే కనుక్కోండి. 1896లో కట్టడం మొదలుపెట్టి 1906లో పూర్తి చేశారు. ఏడు వరసల భవనం, 693 గదులు. ఇప్పుడు మిగిలినవి మూడు వరసలే. ఒక వరస ముఖం ఇంకో వరస వీపుకి ఉండేలా కట్టారు, ఒక ఖైదీ ఇంకో ఖైదీ మొహం చూడకూడదని. మెట్లు ఎక్కలేకపోయినా అత్తగారు కింది వరస గదుల్లోకి వెళ్ళి చూడొచ్చు, అది చాలు. ముంగిట్లో గానుగ చూపించండి. ఎద్దుల్ని కట్టాల్సిన చోట మనుషుల్ని కట్టి కొబ్బరి నూనె ఆడించారు. కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగిన ఆవిడకి దాని బరువు మీకన్నా నాకన్నా బాగా తెలుస్తుంది. మన వాళ్ళు కూడా అక్కడ మగ్గారు. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాము మల్లుదొర అండమాను శిక్ష అనుభవించి, బతికి తిరిగొచ్చి, 1952లో విశాఖ నుంచి పార్లమెంటుకి ఎన్నికయ్యాడు. మధ్య బురుజులో పాలరాతి పలకల మీద ఖైదీల పేర్లు చెక్కి ఉంటాయి. పాపని పక్కన నిలబెట్టుకుని తెలుగు పేర్లు వెతికించండి. సాయంత్రం లైట్ అండ్ సౌండ్ ఉంటుంది కానీ ఆవిడకి అలసటగా ఉంటే బలవంతం చేయకండి.

జంగ్లీఘాట్ గురించి చివర్లో రాస్తున్నా, నా మటుకు మీ ప్రయాణంలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. అక్కడ మన ఉత్తరాంధ్ర బెస్తవాళ్ళు తరాలుగా ఉన్నారు. సందులోకి వెళ్తే వలలు బాగుచేస్తూ మాట్లాడుకునే మాట వినండి, సోంపేట సంతలో ఉన్నట్టే ఉంటుంది. ఆ దీవుల్లో తెలుగు మాధ్యమం బడులు కూడా ఉన్నాయి. మొదటి రోజు సాయంత్రమే అత్తగారిని అక్కడికి తీసుకెళ్ళండి, ఆఖరి రోజుకి వాయిదా వేయకండి. ఎన్నో ఏళ్ళ తర్వాత కలిసిన అక్కచెల్లెళ్ళకి ఒక్క పూట సరిపోదు. మొదటి రోజు కలిస్తే, మీరు హేవ్‌లాక్ వెళ్ళినప్పుడు ఆవిడ అక్కడే ఉండిపోతానని అడిగినా అడగొచ్చు. అడిగితే ఉంచేయండి. బోటు ఊపు, వాంతులు, మెట్లు అన్నీ ఆవిడకి తప్పుతాయి. తెచ్చిన టికెట్టు వృథా అవుతుందని చూడకండి.

వెళ్ళే ముందు వాళ్ళకి ఫోన్ చేసి చిరునామా కాగితం మీద రాసుకోండి, పక్కింటివాళ్ళ నంబరు కూడా తీసుకోండి. చేతులూపుకుంటూ వెళ్ళొద్దు. అక్కడ అన్నీ దొరుకుతాయి కానీ ఇక్కడి రుచి దొరకదు. పలాస జీడిపప్పు ఒక కిలో, కవిటి కొబ్బరితో అత్తగారు చేసిన లౌజు, మా బరంపురం అప్పడాలు రెండు కట్టలు పట్టుకెళ్ళండి. అప్పడాలు మాత్రం పెట్టెలో వేయకండి, విరిగిపోతాయి. పాప చేతి సంచిలో, పుస్తకాల మధ్య పెట్టండి.